పెరటి చెట్టు, పరీక్ష

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నారు పెద్దలు. సముద్రం దాటి వచ్చిన మనకు ఆ సామెత తిరగబడింది. వదిలి వచ్చిన పెరట్లోని ప్రతి చెట్టూ సంజీవనిలా కనిపిస్తున్నది. గజ్జికి వేపాకు, పసుపు, బొల్లికి బావంచాలు. ఇవి నిజంగా పనిచేస్తాయా అని అడగడమే పెద్దలను అవమానించడమని కొందరి బాధ. అలా అడగడమే గౌరవమని నా అభిప్రాయం.

గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతిపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు చూపి వాదించగా 1997లో అది రద్దయింది. సంతోషించాము, న్యాయమే. అయితే అక్కడ రుజువైనది ఆ వాడకం పాతదని మాత్రమే. పుండు మానుతుందని కాదు. ప్రాచీనత హక్కుకు సాక్ష్యం, గుణానికి కాదు.

1992లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో వేపాకు, పసుపు కలిపి నూరి 814 మంది గజ్జి రోగులకు వాడారు. 3 నుంచి 15 రోజుల్లో నూటికి 97 మందికి నయమైందన్నారు. ఆశ కలిగించే మాటే. కాని మామూలు మందు వాడినవారితో పోల్చి చూడలేదు. కనుక అది సూచనే, తీర్పు కాదు.

బావంచాల సంగతి వేరు. సోరలిన్ అనే పేరు ఆ మొక్క శాస్త్రీయ నామం నుంచే వచ్చింది. ఆ కోవకే చెందిన పదార్థాన్ని 1940లలో ఈజిప్టులో ఎల్ మోఫ్తీ బొల్లికి వాడి చూశారు. అతినీలలోహిత కిరణాలతో జోడిస్తే సోరియాసిస్‌కూ పనిచేస్తుందని 1974లో బోస్టన్ వైద్యులు చూపారు. పరీక్షకు నిలిచింది. ఆ పరీక్షే ఇంకొకటీ చెప్పింది: మోతాదు మించితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది, ఏళ్ళ తరబడి సాగితే చర్మపు కాన్సరు ముప్పు పెరుగుతుంది. పనిచేసే మందుకు హాని చేసే శక్తి కూడా ఉంటుంది. "ఆకుపసరే కదా, ఏం చేస్తుంది?" అనేవారు తెలియకుండానే దాని గుణాన్నీ కాదంటున్నారు.

1999లో లండన్ వైద్యులు చర్మరోగాలకు వాడుతున్న 11 చైనా మూలికల లేపనాలను పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది. మూలిక పేరుమీద రోగి నమ్మకాన్ని అమ్ముకున్నారన్నమాట.

ఇందులో మా వైద్యుల బాధ్యతా ఉన్నది. నవ్వి కొట్టిపారేస్తే రోగి మందు మానడు, చెప్పడం మానుతాడు. అప్పుడు బొబ్బ దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. బామ్మ పసరు పూసి ఊరుకునేది కాదు. మర్నాడు చూసేది, తగ్గకపోతే మార్చేది. ఆవిడనుంచి ఆకును తెచ్చుకున్నవాళ్ళం, ఆ చూడటాన్ని కూడా తెచ్చుకోవాలి.