అడిగినంత ఇస్తే న్యాయము తీరినట్లేనా?



వస్తువును కొనుక్కోవడం వేరు, చేయించుకోవడం వేరు. అంగడిలో కొన్నప్పుడు ధర చీటీ మీద ఉంటుంది. డబ్బు ఇచ్చి తెచ్చుకుంటాము. దానిని చేసిన మనిషి ఎవరో, తిన్నాడో పస్తున్నాడో మన ఎరుకకు రాదు. చేయించుకున్నప్పుడు ఆ మనిషి మన ఎదుటనే కూర్చుని ఉంటాడు. అతని చేతుల మీది కాలిన మచ్చలు కనబడతాయి, కళ్లద్దాలకు కట్టుకున్న దారం కనబడుతుంది. అప్పుడు ఒక ప్రశ్న తప్పదు. అతడు అడిగిన కూలి అతని పనికి చాలా తక్కువగా ఉంటే, అడిగినంత ఇచ్చి చేతులు దులుపుకోవచ్చునా?

బెంగళూరులోని మా సంఘములో ఈ ప్రశ్న ఒక గిటారు యాంప్లిఫయర్ వలన పుట్టింది. ఆరాధనలో గిటారు వాయించే ఒక యువకుడు తన జీతములో నుండి కూడబెట్టిన డబ్బుతో వాల్వుల యాంప్లిఫయర్ ఒకటి ప్రత్యేకముగా చేయించుకోదలచాడు. బజారు సందులో పాత రేడియోలు, మైకు సెట్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన మన విశ్వాసి కాడు, మన భాష వాడూ కాడు. కన్నడమూ దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు. వాల్వుల పని తెలిసిన వారు ఆ చుట్టుపక్కల ఇప్పుడు ఆయన తప్ప మరొకరు లేరు.

వాల్వు అంటే ఏమిటో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. పూర్వము ఇంట్లో రేడియో తిప్పగానే పాడేది కాదు. లోపలి గాజు బుడ్లు ఎర్రబడే వరకు అర నిమిషం ఆగవలసి ఉండేది. ఆ గాజు బుడ్డియే వాల్వు. లోపల గాలి ఉండదు. వేడెక్కే తీగ ఒకటి, దాని చుట్టూ జల్లెడ వంటి గ్రిడ్డు, దానికి అవతల ప్లేటు. గ్రిడ్డు మీదికి వచ్చే చిన్న సంకేతము ప్లేటుకు పోయే పెద్ద ప్రవాహమును అదుపు చేస్తుంది. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఈ గ్రిడ్డును చేర్చాడు. 1947లో బెల్ లేబొరేటరీలో ట్రాన్సిస్టరు వచ్చింది. ఆ తరువాత రేడియోల నుండి వాల్వులు మెల్లమెల్లగా తొలగిపోయాయి. మన జాలహళ్లిలో 1954లో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ వారు కూడా ఒకప్పుడు ఈ వాల్వులు చేశారు. ఆ పాత సరకు దొరికితే మెకానిక్కులు ఇప్పటికీ అపురూపముగా దాచుకుంటారు. కొత్తవి రష్యా, స్లొవేకియా, చైనా దేశాల నుండి రావాలి.

మరి ఇంత పాతది ఎందుకు? మాటలు వినిపించే మైకుకు వాల్వు అవసరము లేదు, ట్రాన్సిస్టరు పెట్టె చాలు. ప్రసంగము వాల్వులో వినబడినంత మాత్రాన పరిశుద్ధము కాదు. గిటారు సంగతి వేరు. ట్రాన్సిస్టరు మీద శక్తికి మించిన భారము పడితే ధ్వని ఒక్కసారిగా తెగి గరగరలాడుతుంది. వాల్వు మెల్లగా లొంగుతుంది. తీగను నెమ్మదిగా మీటితే తేటగాను, గట్టిగా మీటితే కొంచెము బొంగురుగాను పలుకుతుంది. పాడే మనిషి గొంతు కూడా అంతే కదా. అందుకే ప్రపంచములోని గిటారు వాద్యగాండ్రు ఈ గాజు బుడ్లను వదలలేదు.

కమిటీలో అభ్యంతరములు వచ్చాయి. గిటారు విదేశీ వాద్యమని ఒకరు అన్నారు. దీనికి జవాబు చిన్నది. మనము ప్రేమించే హార్మోనియము కూడా 1842లో పారిస్ నగరములో డెబేన్ అనే ఆయన పేరున నమోదైనదే. ఆకాశవాణి వారు దానిని 1940 నుండి 1971 వరకు తమ గడప తొక్కనివ్వలేదు. మన గుడిలో మాత్రము అది ఆగలేదు.

రెండవ అభ్యంతరము బరువైనది. ఆరు వేలకు అంగడిలో యాంప్లిఫయర్ దొరుకుతుండగా, భాగములకే ముప్పై అయిదు వేలు పోసి చేయించుకోవడం దుబారా కాదా? ఈ మాటను మేము తేలికగా తీసివేయము. కానుకల పెట్టెలోని డబ్బయితే మేమూ వద్దనే వారము. విధవరాలి కాసులు ఉన్న పెట్టె అది, మొదట కారుతున్న పైకప్పుకు పోవాలి. కాని ఇది ఆ యువకుని స్వంత కష్టార్జితము. తోటివారు అంతకంటె ఎక్కువ పెట్టి చేతి ఫోను కొంటే ఎవరూ కమిటీ పెట్టలేదు. ఆ ఫోను మూడేండ్లలో చెత్తకు పోతుంది. సరిగా కట్టిన వాల్వు యాంప్లిఫయర్‌లో వాల్వులూ కెపాసిటర్లూ మార్చుకుంటూ పోతే మనుమల కాలము వరకు ఉంటుంది. ఖర్చు ఎంత అన్నదే కాక, ఆ ఖర్చు ఎవరి చేతికి చేరింది అన్నది కూడా గృహనిర్వాహకత్వములో భాగమే అని మా అభిప్రాయము.

ఈ రంగములో పెద్ద పేర్లన్నీ వీధి మెకానిక్కుల దగ్గర మొదలైనవే. లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో బాగుచేసే దుకాణము పెట్టుకున్నాడు. చుట్టుపక్కల వాద్యగాండ్రు తెచ్చిన యాంప్లిఫయర్లను బాగుచేస్తూ చేస్తూ తానే చేయనారంభించాడు. లండన్ దగ్గర హాన్వెల్‌లో జిమ్ మార్షల్ డ్రమ్ములు నేర్పేవాడు, దుకాణము నడిపేవాడు. అమెరికా నుండి వచ్చే ఫెండర్లు ఖరీదని 1962లో తన దుకాణపు మెకానిక్ కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే కుర్రవాడు కలిసి ఫెండర్ బాస్‌మాన్ నమూనాను చూసి ఒకటి కట్టారు. దుకాణానికి వచ్చే వాద్యగాండ్రు తమకు ఎటువంటి ధ్వని కావాలో చెప్పారు, వీరు విన్నారు. చేయించుకునేవాని చెవి, చేసేవాని చేయి కలిస్తేనే ఆ వస్తువు పుట్టింది.

మా పెద్దాయన పని కూడా అటువంటిదే. రెండు ఈఎల్‌84 వాల్వులు, మూడు ఈసీసీ83 వాల్వులు, దాదాపు 15 వాట్లు. మా గుడి హాలుకు అది ఎక్కువే. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆయన స్వయముగా చుట్టాడు. ఎనామిల్ పూసిన సన్నని రాగి తీగను వేలాది చుట్లు, పొర పొరకూ మధ్య కాగితము వేసి, ప్రైమరీ కొంత, సెకండరీ కొంత, మళ్లీ ప్రైమరీ. ఇలా ఒకదానిలో ఒకటి దూర్చకపోతే పై స్వరాలు మూగబోతాయట. ఒక్క చుట్టు లెక్క తప్పినా పరవాలేదు గాని, ఒక్క చోట పూత గీరుకుంటే మొత్తము విప్పాలి.

ఇందులో మా మనసుకు తగిలిన సంగతి ఒకటున్నది. ఆ పెట్టెలోని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు పీకివేసిన తరువాత కూడా ఆ శక్తి అందులోనే నిలిచి ఉంటుంది. తెలియక చేయి పెట్టినవాడు చావవచ్చును. పాతకాలపు మెకానిక్కులు తెరిచిన పెట్టెలో పని చేసేటప్పుడు ఒక చేయి జేబులో పెట్టుకోమంటారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది. నిలిచిన శక్తిని మెల్లగా దింపివేయడానికి ఒక రెసిస్టరు పెట్టాలి. దాని ఖరీదు కొద్ది రూపాయలు. పెట్టకపోయినా ధ్వనిలో భేదము తెలియదు, మూత బిగించిన తరువాత ఎవరూ చూడరు. పెద్దాయన దానిని పెట్టాడు. ఇనుప చట్రానికి ఎర్తు తీగను రెండు చోట్ల గుంజి చూసి మరీ బిగించాడు. కొంచెములో నమ్మకముగా ఉండుటను గూర్చి ప్రభువు చెప్పిన మాట మనము తరచు కానుకల లెక్క అప్పజెప్పేటప్పుడు చదువుతాము. రెసిస్టరు దగ్గర కూడా చదువుకోవచ్చును.

ఇక కూలి సంగతి. ఆయన అడిగినది ఆరు వేలు. పని నిండు రోజులలో లెక్క కడితే ఇరవై అయిదు రోజులు. భాగహారము చేసి చూడండి, రోజుకు 240 రూపాయలు. ఇల్లు కట్టేచోట ఇటుకలు మోసే సహాయకునికి మనమే ఇందుకు రెట్టింపు పైగా ఇస్తున్నాము.

ఆ యువకుడు మొదట సంతోషించాడు. చవకగా కుదిరిందన్నాడు. కమిటీలో ఒక సహోదరుడు, ఆయన అడిగాడు, ఇతడు ఒప్పుకున్నాడు, ఇందులో అన్యాయము ఎక్కడ అని అడిగారు. ద్రాక్షతోట యజమాని కూడా ఒడంబడిక ప్రకారము దేనారము ఇచ్చాడు కదా అన్నారు. మంచి ప్రశ్నే. కాని మత్తయి 20వ అధ్యాయము మరల చూడండి. తెల్లవారగానే వచ్చిన వారితో మాత్రమే యజమాని అంకె మాట్లాడుకున్నాడు. మూడవ గంటకు సంతలో ఊరక నిలిచిన వారితో అంకె చెప్పలేదు, న్యాయమైనది ఇస్తానని మాత్రమే అన్నాడు. న్యాయమెంతో లెక్క కట్టే భారము పని లేక నిలిచినవాని మీద పెట్టలేదు, తన మీద పెట్టుకున్నాడు.

గిరాకీ లేనివాడు తన ధర తానే తగ్గించుకుంటాడు. ఎక్కువ అడిగితే ఈ ఒక్కడూ లేచిపోతాడేమో అని అతని లోపల లెక్క నడుస్తూ ఉంటుంది. దానిని సమ్మతి అనరాదు, అది భయము. ఎదుటివాని భయము మీద మిగిలిన సొమ్మును బేరము కుదిరింది అనుకోవడం మన అలవాటు.

సొలొమోను దేవాలయపు ఇత్తడి పనికి తూరు నుండి వచ్చిన హీరామును చూడండి. తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలు, తండ్రి తూరువాడు. సగము అన్యుడు. ఆయన పోత పోసిన స్తంభములు, సముద్రము, మట్లు అన్నీ లేఖనములో కొలతలతో సహా ఉన్నాయి. కూలి ఎంతో మాత్రము లేదు. అదే పేరు గల తూరు రాజుతో సొలొమోను, నీ పనివారికి నీవు చెప్పినంత జీతము ఇస్తానని ముందుగా ఉదారముగా పలికాడు. అంతా కట్టిన పిమ్మట గలిలయలో ఇరవై ఊళ్లు ఇచ్చాడు. తూరు రాజు వెళ్లి చూసి, ఇవా నాకిచ్చినవి అన్నట్లు వాటికి కాబూల్ అని పేరు పెట్టాడు. జ్ఞానులలో జ్ఞాని దగ్గర కూడా లెక్క చివర ఇలా వచ్చింది.

మన సంగతి వేరుగా చెప్పుకోవాలి. మనలో చాలామంది పితరులు తోలు పని చేసినవారు. రైతుకు మోట బొక్కెన కుట్టారు, ఎడ్లకు పట్టెడలు కోశారు, చెప్పులు కుట్టారు. కళ్లములో మేర కొలిచే రోజున ఎంత కొలిస్తే అంత పట్టుకుని వచ్చారు. వాళ్లు ఒప్పుకున్నారు కదా అని రైతు అనవచ్చును, అన్నాడు కూడా. ఆ ఒప్పుదల ఎటువంటిదో మన ఎముకలకు తెలుసు. 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము కాంట్రాక్టుకు తీసుకుని, మన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టి, పని చేసిన వారికి కూలి ముట్టేటట్లు చూశారు. కరువు రొట్టె కోసము వచ్చారనిపించుకోకుండ బాప్తిస్మములు అన్నాళ్లూ ఆపారు. 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చిన సంగతి మనమందరము పిల్లలకు చెబుతాము. దానికి ముందు కూలి సరిగా ముట్టిన సంగతి అంతగా చెప్పము. ఇప్పుడు చేయించుకునే వైపు మనము కూర్చున్నాము. బల్లకు ఏ వైపున కూర్చున్నామో చూసుకోవాలి.

అయితే ఎక్కువ ఇవ్వడము కూడా సులభము కాదు. ఆ యువకుడు వెళ్లి, పని అయ్యాక ఇంకో పది వేలు కలిపి ఇస్తానంటే పెద్దాయనకు కోపము వచ్చింది. నేను నిన్ను బిచ్చం అడిగానా అన్నాడు. ఆయన కోపము న్యాయమే. చివర దయగా పోసేది బహుమానమవుతుంది గాని కూలి కాదు. పైగా ఇచ్చేవాడు పెద్దవాడవుతాడు. మా మాట ప్రకారము రెండవసారి అతడు వేరుగా అడిగాడు. డబ్బు మాట ఎత్తకుండ, దీనికి ఎన్ని రోజులు పడుతుంది అని అడిగాడు. ఆ వీధిలో వడ్రంగి రోజుకు ఎంత తీసుకుంటాడు అని అడిగాడు. తొమ్మిది వందలు అన్నాడాయన. మీ పని వడ్రంగి పని కంటె తక్కువదా అంటే పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదట. ఇరవై అయిదు రోజులకు 22,500 కుదిరింది. అందులో సగము ముందే ఇచ్చాడు. ఇది కూడా ముఖ్యము. యాకోబు పత్రిక మొరపెట్టే కూలిని గూర్చి చెప్పేది బిగపట్టిన కూలిని గూర్చే. పనివాని డబ్బుతో రాగి తీగ కొనిపించి, పని అయ్యాక తీరికగా ఇచ్చే పద్ధతి మన ఇండ్లలో కుట్టు మిషను వారి దగ్గర నుండి పెండ్లి మేళగాండ్ర వరకు నడుస్తూనే ఉన్నది.

ఇంత ఇచ్చుకోలేని వారి మాటేమిటి అని అడుగుతారు. ఇచ్చుకోలేకపోతే చేయించుకోవద్దు, ఆరు వేల పెట్టె కొనుక్కోండి. అందులో అవమానము లేదు. ఆ పెట్టె కట్టిన చేతులకు ఎంత ముట్టిందో అన్న ప్రశ్న అక్కడా ఉన్నది, కాని దానిని విప్పే ఉపాయము ఒంటరి కొనుగోలుదారుని చేతిలో అంతగా లేదు. ఎదుట కూర్చున్న మనిషి విషయములో మాత్రము మన చేతిలోనే ఉన్నది.

సమూయేలు మొదటి గ్రంథము 13వ అధ్యాయములో ఇశ్రాయేలు దేశమంతటా కమ్మరి లేకపోయాడని ఉన్నది. నాగటి నక్కులు పదును పెట్టించుకోవడానికి ఫిలిష్తీయుల దగ్గరకు దిగిపోవలసి వచ్చింది. అక్కడ కమ్మరులను శత్రువు లేకుండ చేశాడు. ఇక్కడ రోజుకు 240 రూపాయలే ఆ పని చేస్తున్నవి. పెద్దాయన కుమారులు ఈ పని నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకుంటారు? మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజులలో సమాజోపయోగ ఉత్పాదక శ్రమ అని టైము టేబులులో ఒక పీరియడు ఉండేది. లెక్కల పాఠము వెనుకబడినప్పుడల్లా ముందుగా పోయేది ఆ పీరియడే. చేతిపని తక్కువదని పిల్లలకు వేరుగా చెప్పనవసరము లేకపోయింది. బెసలేలుకు దేవుడు పని నేర్పు మాత్రమే కాదు, ఇతరులకు నేర్పే బుద్ధి కూడా ఇచ్చాడని నిర్గమకాండము 35వ అధ్యాయములో ఉన్నది. నేర్చుకునేవాడు రావాలి కదా.

యాంప్లిఫయర్ ఇప్పుడు గుడిలో ఉన్నది. వెనుక రేకు మీద పెద్దాయన పేరు, సంవత్సరము చెక్కించాలని యువకుడు అడిగితే ఆయన మొదట వద్దన్నాడు, తరువాత తానే సుత్తీ మేకూ తీసుకుని చిన్న అక్షరాలలో చెక్కాడు. శనివారము మధ్యాహ్నములు ఆ యువకుడూ, మా ఆదివారపు బడిలో చదివిన మరొక కుర్రవాడూ ఆ దుకాణానికి వెళ్తున్నారు. సోల్డరింగు పట్టుకోవడం వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడం కొంచెము కొంచెము వస్తున్నది. కెపాసిటర్ల దగ్గర మాత్రము పెద్దాయన ఇంకా వారిని చేయి పెట్టనివ్వడం లేదు.