పసిపిల్లలు - మన దగ్గర ఉన్న అమానతు



సంతానం అల్లాహ్ మన చేతికి అప్పగించిన అమానతు. ఈ మాట జుమా ప్రసంగాల్లో మనం ఎన్నోసార్లు విన్నాం. అయితే ఆ అమానతును రోజూ ఉదయం మరొకరి చేతిలో పెట్టి పనులకు వెళుతున్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. కొందరు అంగన్వాడీకి పంపుతారు, కొందరు డబ్బు కట్టి శిశు సంరక్షణ కేంద్రంలో చేర్పిస్తారు. గడప దాటించిన తర్వాత ఆ బిడ్డ ఆరోగ్యం విషయంలో మన బాధ్యత ఎంతవరకు? ఈ నెల దీని గురించే మాట్లాడుకుందాం.

బిడ్డను ఇంకొకరి సంరక్షణలో ఉంచడం పాపమా అని కొందరు తల్లులు మమ్మల్ని భయంభయంగా అడుగుతుంటారు. పాపం కాదు. దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరా 233వ ఆయతును శ్రద్ధగా చదవండి. తల్లి పాలు పట్టే కాలం రెండు సంవత్సరాలని, ఆ తల్లి తిండికీ బట్టకూ తండ్రే బాధ్యుడని అందులో ఉంది. పాలు మాన్పించాలనుకుంటే భార్యాభర్తలు సంప్రదించుకుని, ఇద్దరి సమ్మతితో మాన్పించవచ్చు. వేరే స్త్రీ చేత పాలు పట్టించదలచినా దోషం లేదు, ఆమెకు ఇవ్వవలసింది సక్రమంగా ఇవ్వాలి. ఇంత చిన్న విషయానికి కూడా అల్లాహ్ తల్లిదండ్రులిద్దరి సంప్రదింపును ప్రస్తావించాడంటే, బిడ్డ సంగతి 'ఆడవాళ్ళ వ్యవహారం' అని తప్పుకునే తండ్రికి అక్కడ చోటెక్కడ ఉంది?

దైవప్రవక్త ముహమ్మద్ (స) కూడా పసితనంలో మరొకరి సంరక్షణలో పెరిగినవారే. ఎడారి గాలి ఆరోగ్యానికి మంచిదని మక్కావాసులు తమ శిశువులను పల్లె తెగల్లోని దాదుల దగ్గర ఉంచేవారు. ఆ విధంగానే బనూ సఅద్ తెగకు చెందిన హజ్రత్ హలీమా (రజి) ఆయన్ని తీసుకువెళ్ళారు. రెండేళ్ళు నిండి పాలు మాన్పించాక తల్లి ఆమినా దగ్గరకు తెచ్చారు. మక్కాలో అంటువ్యాధి భయం ఉంది, బిడ్డను మరికొంత కాలం నా దగ్గరే ఉండనివ్వండి అని హలీమా కోరితే ఆమినా ఒప్పుకున్నారు. కన్నతల్లి, పెంపుడుతల్లి కూర్చుని బిడ్డ ఆరోగ్యం గురించే మాట్లాడుకుని నిర్ణయం తీసుకున్నారన్నమాట.

తర్వాత జరిగినది ఇంకా గమనించదగినది. కొంతకాలానికి హలీమా (రజి) హఠాత్తుగా బిడ్డను తీసుకుని వచ్చేశారు. ఉంచుకుంటానని అంతగా బతిమాలినదానివి, ఇప్పుడెందుకు తెచ్చావని ఆమినా అడిగారు. హలీమా మొదట అసలు సంగతి చెప్పలేదు. ఆమినా గుచ్చి గుచ్చి అడిగారు, జరిగినదంతా చెప్పేవరకు వదలలేదు. సీరత్ గ్రంథాలలో ఈ ఘట్టం చదివినప్పుడల్లా మాకు ఆ తల్లి అడిగిన తీరే గుర్తుండిపోతుంది. మనలో ఎంతమందిమి సాయంత్రం బిడ్డను తీసుకునేటప్పుడు ఈరోజు ఏం తిన్నాడు, ఎన్నిసార్లు విరేచనమైంది, ఎందుకు ఏడ్చాడు అని అడుగుతున్నాం? చెప్పులు తొడిగి, చెయ్యి పట్టుకుని లాక్కుపోవడమేగా!

అడగడం ఒక ఎత్తయితే, మన దగ్గర ఉన్న విషయం దాచకుండా చెప్పడం మరో ఎత్తు. గుంటూరులో మాకు తెలిసిన ఒక ఇంట జరిగిన సంగతి చెబుతాం. పేర్లు అవసరం లేదు.

మిర్చి సీజనులో అక్కడ మన స్త్రీలు చాలామంది తొడిమలు తీసే పనికి వెళతారు. పనికి వెళ్ళిన రోజే కూలి. ఆ ఇంటి నాలుగేళ్ళ పిల్లవాడికి ఒక రాత్రి జ్వరం వచ్చింది, కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారుతోంది. తెల్లవారి తల్లి జ్వరం సిరప్ ఒక మూత తాగించింది. గంటకు ఒళ్ళు చల్లబడింది. వాడిని అంగన్వాడీలో దింపి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. చెబితే టీచరమ్మ వెనక్కి పంపేస్తుందని భయం. తండ్రి ఆటో నడుపుతాడు, ఆయనకు ఆ కేంద్రం ఏ సందులో ఉందో కూడా తెలియదు. సిరప్ ప్రభావం నాలుగైదు గంటలే కదా, మధ్యాహ్నానికి మళ్ళీ ఒళ్ళు కాలిపోయింది. ఆ రోజు పసిపిల్లలను బరువు తూచే రోజు. చంటిబిడ్డలను ఎత్తుకుని తల్లులంతా వచ్చి ఉన్నారు. మూడో రోజుకు పిల్లవాడి ముఖం మీద దద్దుర్లు తేలాయి. తట్టు!

తట్టు దద్దుర్లు కనబడటానికి నాలుగు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుతుంది. దగ్గినా తుమ్మినా గాలిలో వ్యాపిస్తుంది. దానికి టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు, రెండోది పదహారు, ఇరవైనాలుగు నెలల మధ్య. ఈ పిల్లవాడికి రెండూ వేయించలేదు. సూది వేస్తే జ్వరం వస్తుందని వాయిదా వేస్తూ వచ్చారు. ఆ రోజు తూకానికి వచ్చినవారిలో ఏడు నెలల పాప ఒకతె ఉంది. టీకా వయసే రాని పసిగుడ్డు. పది పన్నెండు రోజులకు ఆ పాపకూ తట్టు వచ్చి, న్యుమోనియాకు దిగింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు.

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల వేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాంటప్పుడు తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. మిర్చి బస్తాలో తడికాయ దాచితే తప్పని మనకు తెలుసు. సిరప్ తాగించి జ్వరాన్ని దాచడం కూడా అలాంటిదేనని మాత్రం తట్టదు. జబ్బు ఒంటెల యజమాని వాటిని ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరకు తోలకూడదని కూడా ఆయన (స) ఆదేశించారు. పశువుల విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం మనది.

ఆ తల్లిని నిందించడం తేలిక. రెండు రోజుల కూలి పోతే బియ్యానికి ఎవరిస్తారు? ఆ ప్రశ్న మహల్లా వారందరిదీ. బైతుల్‌మాల్ ఉన్న మస్జిదు కమిటీలు పెళ్ళిళ్ళకు, అంత్యక్రియలకు సహాయం చేస్తున్నాయి. బిడ్డకు జబ్బు చేసి పనికి పోలేని తల్లికి రెండు రోజుల కూలి ఇవ్వడం కూడా ఆ పద్దులో చేర్చవచ్చని మా అభిప్రాయం. ఆటో నడిపే తండ్రి ఒక పూట ఇంట ఉన్నా సరిపోయేది. పెద్ద సంస్థల్లో పనిచేసే సోదరీమణులకైతే చట్టం అండగా ఉంది. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. తొడిమలు తీసే తల్లికి అలాంటి వీలు ఎక్కడిది?

టీకాల గురించి ఒక మాట. అల్లాహ్ మందు లేని వ్యాధిని దింపలేదని దైవప్రవక్త (స) తెలిపారు, వైద్యం చేయించుకోమన్నారు. అయినా మన ఇళ్ళల్లో తట్టు వస్తే తావీజు కట్టి, వేపాకు పరిచి, డాక్టరు గడప తొక్కని వారున్నారు. పోలియో చుక్కల మీద ఎన్ని పుకార్లు పుట్టలేదు! ఆ చుక్కలు ఇంటింటా వేయించినందువల్లే, 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజంగా వ్యాపించే పోలియో కేసు ఒక్కటీ నమోదు కాలేదు. 2014 మార్చిలో పోలియో రహితంగా ప్రకటించారు.

తిండి విషయంలోనూ అంతే. అక్కడ వండినది హలాలో కాదో అని పిల్లవాడి చేత గుడ్డు, పాలు కూడా మాన్పించే ఇళ్ళు మేము చూశాం. అనుమానముంటే ఒకరోజు వంట వేళకు వెళ్ళి చూడండి, ఆయాతో మర్యాదగా మాట్లాడండి. అదే సమయంలో తాగే నీళ్ళ బిందెకు మూత ఉందో లేదో, మరుగుదొడ్డి దగ్గర సబ్బు ఉందో లేదో కూడా చూడండి. బరువు తూచిన చార్టు అడగండి. అందులో బిడ్డ గీత పైకి పోతోందా, కిందికి జారుతోందా అని చెప్పించుకోండి. తండ్రులారా, ఈ పని మీరే చేయండి. మీ అబ్బాయి బరువెంతో మీకు తెలుసా?

ఆ గుంటూరు తల్లి సంగతి. పాప ఆసుపత్రిలో ఉందని తెలిసిన నాటి నుంచి ఆమెకు నిద్ర లేదు. మూడు ఉపవాసాలుంటే సరిపోతుందా, సదఖా ఇవ్వాలా అని తన పెద్దక్క ద్వారా మమ్మల్ని అడిగించింది. తౌబా చేయమన్నాం. అయితే ఇది సాటి మనిషి హక్కుకు సంబంధించిన వ్యవహారం, ముందు ఆ ఇంటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్లు చెప్పండి అన్నాం. ఆదివారం అస్ర్ నమాజు తర్వాత భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు. పాప గోడ పట్టుకుని నడుస్తోందని మొన్న టీచరమ్మ చెప్పారు. అల్‌హమ్దులిల్లాహ్.