మూగజీవి పట్ల గృహస్థ ధర్మము

అవధ రాజ్యమును కోల్పోయి 1856లో కలకత్తా చేరిన నవాబు వాజిద్ అలీ షా, గార్డెన్ రీచ్ తీరమున మటియాబుర్జునందు కొలువు నెలకొల్పుకొని, పులులను, పావురములను, తుదకు పాములను సైతము అపారధనవ్యయముతో పోషించెను. 1887లో ఆయన కన్నుమూయగనే ఆ జంతుశాల చెల్లాచెదరయ్యెను. పిదప ఆ గార్డెన్ రీచ్‌లోనే బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) ప్రధాన కార్యాలయము వెలసి, వాల్తేరు, విజయనగరము దిక్కునుండి మనవారిని పెక్కుమందిని రప్పించినది. అక్కడి రైల్వే క్వార్టర్లలో కుక్కనో పిల్లినో సాకెడి తెలుగు గృహస్థునకు ఒక సందేహము కలుగక మానదు: ఈ మమకారము పుణ్యమా, బంధమా?

తల్లిని కోల్పోయిన లేడిపిల్లను పెంచి, దానిపైననే మనసు నిలిపి ప్రాణము విడిచిన భరతుడు లేడియై పుట్టెనని భాగవతము. వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానొల్లనన్న ధర్మరాజు పరీక్షలో నెగ్గెనని భారతము. ఈ రెంటికి వైరుధ్యము కలదని నాకు తోచదు. భరతుని దోషము లేడిని రక్షించుట కాదు, అది కనబడనిదే తనకు తోచకపోవుట. మోహము తన సంతోషమును చూచును; దయ ఎదుటి ప్రాణి దేహమును చూచును. దేహమును చూచుటకు తెలివిడి కావలెను.

పిల్లి ఒళ్ళు వెచ్చగా తగిలినదని, బిడ్డకు వేసినట్లే పారాసిటమాల్ బిళ్ళ ముక్క విరిచి పాలలో కలిపి పట్టు ఇల్లాలి ప్రేమకు కొదువ యేమి? కాని పిల్లి సహజోష్ణమే 101, 102 డిగ్రీలు. మన చేతికది జ్వరమువలె తోచును. ఆ మందును విరిచి వెలికి పంపు శక్తి దాని కాలేయమునకు లేదు. నెత్తురు ప్రాణవాయువును మోయలేనిదగును, చిగుళ్ళు బురదరంగు తిరుగును, చిన్న ముక్కయే ప్రాణము తీయవచ్చును. జబ్బుపడిన పిల్లి మంచము క్రింద నక్కిన, అలిగినదందుము. మగపిల్లి మాటిమాటికి ముక్కుచు మూత్రము విడువలేకున్న, తెల్లవారువరకు ఆగరాదు. వానకాలమున పిడుదులు పట్టిన కుక్క తిండి మాని, చిగుళ్ళు పాలిపోయిన, అది పిడుదుల జ్వరము కావచ్చును. నెత్తురు పరీక్ష చేయింపవలెను. రేబీస్ టీకా మూడవ నెలలో వేయించి, పిదప వైద్యుడు చెప్పిన గడువున మరల వేయింపవలెను. ఇది ఇంటి పసిపిల్లలకును రక్ష. 1893లో బేల్గాచియాలో పశువైద్య కళాశాల వెలసిన నగరమున వైద్యుడు దొరకడనుట సాకు మాత్రమే.

నన్ను మిక్కిలి బాధించునది వేరొకటి. బదిలీ ఉత్తరువు రాగానే బీరువాలు, మంచములు లారీకెక్కును. ఏండ్ల తరబడి గుమ్మము కాచిన కుక్క గేటువద్దనే నిలిచిపోవును. రైలుశాఖ వారికే తెలియనిదా? గార్డు బ్రేకు పెట్టెలో కుక్కలకు వేరుగ అర కలదు. పార్సిలు ఆఫీసులో ముందుగా బుక్ చేయించి, రుసుము చెల్లించి, కూడ తీసికొనిపోవచ్చును.