ఆవిడ ఆ మాట అనకపోతే ప్యాకెట్ ఇచ్చేవాళ్లా?

ఈ వారం వీడియోలో దానం గురించి మాట్లాడుకున్నాం. గీత పదిహేడో అధ్యాయంలో కృష్ణుడు దానాన్ని మూడు రకాలుగా విడదీసి చెప్పిన భాగం అది. అందులో ఒక మాట మిగిలిపోయింది. నిజం చెప్పాలంటే టైం సరిపోక కాదు. అది నా తప్పు గురించి. కెమెరా ముందు చెప్పడానికి మొహమాటపడ్డాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

గురువారం, పంజగుట్ట

అప్పట్లో నేను అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. మైత్రీవనం వెనక సందు, గదికి నలుగురం. పొద్దున కోచింగ్, మధ్యాహ్నం ల్యాబ్, రాత్రి ఇంటర్వ్యూ ప్రశ్నలు. మీలో చాలామందికి ఈ బతుకు తెలుసు. గురువారం సాయంత్రం మాత్రం పంజగుట్ట ద్వారకాపురి కాలనీలో సాయిబాబా గుడికి వెళ్లేదాన్ని. దర్శనం అయ్యాక మా స్నేహితులం ఏడెనిమిది మందిమి కలిసి నిమ్స్ వైపు వెళ్లి పులిహోర ప్యాకెట్లు పంచేవాళ్లం. ఆస్పత్రి బయట ఎప్పుడు చూసినా జిల్లాల నుంచి వచ్చినవాళ్లుంటారు. లోపల తమ మనిషి మంచం మీద, వీళ్లు బయట దుప్పటి మీద.

మాకో అలవాటుండేది. ప్యాకెట్ ఇస్తూ "జై సాయిరాం అనండమ్మా" అనేవాళ్లం. ఎవరూ నేర్పలేదు, ఒకరిని చూసి ఒకరికి వచ్చేసింది. అందులో తప్పేముందని ఎప్పుడూ అనుకోలేదు.

ఒక గురువారం ఒకావిడ చెయ్యి చాపింది. యాభై ఏళ్లుంటాయేమో. నేను మామూలుగానే ఆ మాట అన్నాను. ఆవిడ ఆగింది. అప్పుడు చూశాను, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. నేను ప్యాకెట్ వెనక్కి తీసుకోలేదు. కానీ వదల్లేదు కూడా. రెండు సెకన్లు ప్యాకెట్‌కి ఆ చివర ఆవిడ చెయ్యి, ఈ చివర నా చెయ్యి. ఆవిడ నేల చూస్తూ ఆ మాట అనేసి, ప్యాకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు సాయం చేయడానికి మా రూమ్మేట్ కూడా వచ్చింది. తను క్రిస్టియన్. ఒంగోలు దగ్గర పల్లెటూరు, తాతల కాలం నుంచీ వాళ్లు క్రైస్తవులే. సంచులు మోస్తానని తనే వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు మెట్రో పిల్లర్ల పక్కన నడుస్తున్నాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"అక్కా, ఆవిడ ఆ మాట అనకపోతే ప్యాకెట్ ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్నే. ఎందుకివ్వను?"

"మరి ఆ సంగతి ఆవిడకి తెలుసా?"

నా దగ్గర జవాబు లేదు.

సముద్రం దాటి వెళ్లిన ఎనిమిది మంది

కోపం రాలేదంటే అబద్ధం. "మీవాళ్లు చేసేది అదే కదా" అనేశాను. తను కోప్పడలేదు. "అవునక్కా, కొంతమంది చేస్తారు. మేమూ చేశాం. అందుకే అడిగాను" అంది.

అంతకు ముందు ఏడాది వాళ్ల చర్చి యువత ఎనిమిది మంది రెండు వారాలకి కెన్యా వెళ్లారట. ఖర్చుల కోసం ఏడాది పాటు డబ్బు కూడబెట్టుకున్నారు. తెలుగువాళ్లు ఇలా వెళ్లడం కొత్త కాదని కూడా తనే చెప్పింది. 1903లోనే నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే ఆయన దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి మిషనరీగా వెళ్లారు. తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్య, తెలుగులోనే బోధిస్తూ పనిచేశారు. మిషనరీ అంటే తెల్లదొర అనే బొమ్మ నా మనసులో ఉండేది. అది ఆ రోజు చెదిరిపోయింది.

కెన్యాలో వాళ్లు మొదట వెళ్లిన ఊళ్లో అందరూ ఎప్పటి నుంచో క్రైస్తవులే. ఆదివారం పాటలు మొదలుపెడితే ఊరు ఊరంతా పాడుతోంది, ఆడుతోంది. వీళ్లు నెల రోజులు ప్రాక్టీస్ చేసిన పాట వాళ్ల ముందు వెలవెలబోయింది. "వాళ్లకి చెప్పడానికి వెళ్లాం అక్కా. వాళ్లకి మాకన్నా ఎక్కువ తెలుసు" అని నవ్వింది. బడి గోడకి రంగు వేశారు. ఆ పని ఊళ్లో ఉన్న పెయింటర్‌కి ఇస్తే ఇంకా బాగా వేసేవాడు, అతనికి నాలుగు రూకలు వచ్చేవి. రాత్రి ఒక ముసలావిడ తన మంచం వీళ్లకిచ్చి తను కింద పడుకుంది. ఉన్న ఒక్క కోడినీ కోసి పెట్టింది. ఇవ్వడానికి వెళ్లినవాళ్లు తీసుకుని వచ్చారన్నమాట.

రెండో ఊళ్లో స్కూల్ బ్యాగులు పంచారు. మొదటి రోజు సాయంత్రం ప్రార్థన అయ్యాక పంచుతామన్నారు. మైదానం నిండిపోయింది, ఫొటోలు బాగా వచ్చాయి. ఆ రాత్రి వీళ్లలోనే ఒకబ్బాయి అడిగాడట, "వీళ్లు మనకోసం వచ్చారా, బ్యాగుల కోసమా?" అని. మర్నాడు వరస మార్చారు. పొద్దున్నే బడికి వెళ్లి మిగిలిన బ్యాగులన్నీ ఇచ్చేశారు. సాయంత్రం ప్రార్థన ఉంది, ఇష్టమైనవాళ్లు రండి, రాకపోయినా ఏమీ అనుకోం అని చెప్పారు.

"ఎంతమంది వచ్చారు?"

"పదకొండు మంది. కానీ ఆ పదకొండు మందీ నిజంగా వచ్చినవాళ్లక్కా."

ఒంగోలు, కరువు రోజులు

తను వాళ్ల ఊరి సంగతి కూడా చెప్పింది. తర్వాత నేను చదివి తెలుసుకున్నది కూడా కలిపి రాస్తున్నా. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన మహా కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్లు కాంట్రాక్టుకి తీసుకున్నాడు. పాత రోజుల్లో సర్వే పని చేసిన మనిషి కాబట్టి ఆ పని తెలుసు. వేలమందికి కూలి దొరికింది, గంజి దొరికింది.

అక్కడే ఆయనకి మన ప్రశ్న ఎదురైంది. పని దొరికినవాళ్లు బాప్తిస్మం ఇమ్మని వస్తున్నారు. ఇస్తే అది నమ్మకమా, ఆకలా? ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక, ఇక పంచడానికి ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇది చదివి నాకు రెండు అనిపించాయి. ఒకటి, ఆపినంత మాత్రాన అంతా తేలిపోదు. ప్రాణం నిలబెట్టిన చేతిని మనిషి మర్చిపోలేడు. కృతజ్ఞతని, నమ్మకాన్ని విడదీసే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. కానీ వరస మార్చాలని, అన్నానికీ మతానికీ మధ్య ఖాళీ ఉంచాలని ఆయన ప్రయత్నించాడు. ఆ ప్రయత్నాన్ని నేను గౌరవిస్తాను.

రెండోది చెప్పడం కష్టం. ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని, గుడి మెట్టు తొక్కనివ్వని మనుషులు. "అన్నం కోసం మతం మారారు" అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ మాటలో రెండు అన్యాయాలున్నాయి. పేదవాడికి కడుపే తప్ప బుర్ర ఉండదని తీర్మానించడం ఒకటి. అంతకు ముందు వందల ఏళ్లు వాళ్లకి మన గుడి తలుపు ఎందుకు తెరుచుకోలేదో అడగకపోవడం ఇంకొకటి. ధర్మం గురించి మాట్లాడే మనం ముందు ఈ రెండో ప్రశ్న దగ్గర కాసేపు కూర్చోవాలి.

మనవాళ్లూ వెళ్లారు

ఆ రాత్రి మా రూమ్మేట్ ఇంకో ప్రశ్న కూడా వేసింది. "మీరు ఎక్కడికీ వెళ్లి చెప్పరు కదక్కా. అది పెద్ద మనసా, బద్ధకమా?"

మనం చెప్పలేదన్నది నిజం కాదు. నాగార్జునకొండ శాసనాల్లో కశ్మీరం, గాంధారం, చీనా, సింహళం దాకా ధర్మం చెప్పిన బౌద్ధ స్థవిరుల ప్రస్తావన ఉంది. దాచమన్న మంత్రాన్ని రామానుజులు గోపురం ఎక్కి అందరికీ వినిపించిన కథ మనందరం విన్నాం. ఇక స్వామి వివేకానంద. ఆయన అమెరికా ప్రయాణంలో మన ఊరికి చోటుంది. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, పాశ్చాత్య దేశాలకి తను ఎందుకు వెళ్లాలనుకుంటున్నాడో చెబుతూ ప్రసంగించాడు. అప్పుడు ఆయనకి సరిగ్గా ముప్పై ఏళ్లు. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కాడు.

చికాగో సభలో మోగిన చప్పట్లు అందరికీ గుర్తుంటాయి. నాకు అంతకు ముందు జరిగింది ఎక్కువ గుర్తుంటుంది. చేతిలో డబ్బు అయిపోతోంది, సభకి పరిచయపత్రం లేదు. రైల్లో పరిచయమైన ఒకావిడ, కేట్ శాన్‌బోర్న్, తన ఇంట్లో ఉండమంది. హార్వర్డ్ ప్రొఫెసర్ రైట్ ఉత్తరం రాసిచ్చాడు. చికాగోలో ఆ అడ్రసు పోగొట్టుకుని, రాత్రి రైల్వే యార్డులో పడుకుని, మర్నాడు ఇంటింటి తలుపూ తట్టి తరిమేయించుకుని, చివరికి రోడ్డు పక్కన కూర్చున్న ఆయన్ని ఎదురింట్లోంచి మిసెస్ హేల్ చూసి లోపలికి పిలిచింది. ముందు భోజనం పెట్టింది. ఆవిడ క్రైస్తవురాలు. అన్నం పెట్టే ముందు ఏమీ అనమని అడగలేదు.

అన్నం తిన్న ఆ మనిషే సెప్టెంబర్ 20న అదే సభలో నిలబడి, మా దేశానికి కావలసింది మతం కాదు, తిండి అని మిషనరీలకి సూటిగా చెప్పాడు. పెట్టిన చేతికి కృతజ్ఞతగా నోరు మూసుకోవలసిన పని లేదన్నమాట. చివరి రోజున, క్రైస్తవుడు హిందువు కానక్కర్లేదు, హిందువు క్రైస్తవుడు కానక్కర్లేదు, ఒకరి మంచి ఒకరు తీసుకుని ఎవరి దారిలో వాళ్లు ఎదగాలని చెప్పాడు. అది మనసులో అనుకుని ఊరుకోలేదు. అందరికీ వినబడేలా అన్నాడు.

పైకి చెప్పిన స్వేచ్ఛ

గీతలో కూడా ఇదే ఉంది. తన మాటని భక్తులకి చెప్పేవాడు తనకి అందరికన్నా ప్రియమైనవాడు అంటాడు కృష్ణుడు. అంటే చెప్పడం తప్పు కాదు, మంచి పని. దానికి ఒక్క శ్లోకం ముందే, వినాలని లేనివాడికి చెప్పొద్దంటాడు. ఇంకా కొంచెం ముందు, చెప్పవలసిందంతా చెప్పేశాక, బాగా ఆలోచించుకుని నీకెలా అనిపిస్తే అలా చెయ్యి అని అర్జునుడికి వదిలేస్తాడు. దేవుడే కదా, "కాదు" అంటే ఊరుకుంటాడా అని అర్జునుడు మనసులో లెక్కలు వేసుకోనక్కర్లేదు. ఆ స్వేచ్ఛ ఉందని నోటితో చెప్పాడు.

నా తప్పు అక్కడే. ఆవిడ అనకపోయినా ప్యాకెట్ ఇచ్చేదాన్నే. అది నా మనసులో ఉంది, ఆవిడకి తెలియదు. ఆకలితో ఉన్న మనిషి నా మనసు చదవలేదు, నా చేతినే చదువుతుంది. నా చెయ్యి ప్యాకెట్ వదల్లేదు. ప్రతిఫలం ఆశించి, బాధపడుతూ ఇచ్చేది రాజస దానం అంటుంది గీత. నేనేమీ ఆశించలేదనుకున్నాను. ఆశించాను. నా దేవుడి పేరు ఆవిడ నోట వినాలని. ఆ పేరుని అలా వాడినందుకు బాబా సంతోషిస్తారా? గడప తొక్కినవాడి మతం అడగని ఆయన పేరునే నేను టోకెన్ చేశాను.

తర్వాతి గురువారం మా గుంపులో ఈ మాట చెబితే గొడవైంది. "వాళ్లు చేస్తున్నారుగా, మనం చేస్తే తప్పా?" అన్నారు. వాళ్లు చేస్తే తప్పైనది మనం చేస్తే ఒప్పెలా అవుతుంది? "మరి బాబా ఫొటో కూడా తీసేయాలా?" అన్నారు. అక్కర్లేదు. నేను ఎవరో చెప్పుకోవడం వేరు, ఎదుటివాళ్లతో అనిపించడం వేరు. నుదుట బొట్టు ఉండనివ్వండి, సంచి మీద బాబా ఉండనివ్వండి. నోరు మాత్రం వాళ్లది. ఇద్దరు మాతో రావడం మానేశారు. మిగతావాళ్లం పంచాం. కొందరు వాళ్లంతట వాళ్లే "జై సాయిరాం" అన్నారు. ఆ రోజు ఆ మాట నాకు కొత్తగా వినిపించింది.

అమీర్‌పేట నుంచి డల్లాస్‌కో, మెల్‌బోర్న్‌కో బయల్దేరుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. మొదటి వారం అక్కడ ఎవరైనా చర్చివాళ్లు వచ్చి పరుపో, కుక్కరో, భోజనమో ఇవ్వొచ్చు. అనుమానంతో తలుపు వేసుకోకండి. తీసుకోండి, థ్యాంక్స్ చెప్పండి. ఆదివారం రమ్మంటే, ఇష్టముంటే వెళ్లండి, లేకపోతే మర్యాదగా రానని చెప్పండి. "రాను" అన్నాక కూడా వాళ్లు అలాగే పలకరిస్తే, వాళ్లు ఇచ్చింది దానం. రేపు మీరు అక్కడి గుడిలో వడ్డిస్తున్నప్పుడు, లైన్లో వేరే మతం వాడు నిలబడితే అతనికీ అంతే.

ఆ నిమ్స్ ఆవిడ మళ్లీ కనబడలేదు. లోపల ఆవిడ మనిషికి నయమైందో లేదో నాకు తెలియదు. క్షమాపణ చెప్పుకునే అవకాశం రాలేదు. అందుకే ఇప్పుడు ఏదైనా ఇచ్చేటప్పుడు నా చెయ్యి ముందు వదులుతుంది. నోరు తర్వాత.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. శుభం.