తాళం వేసిన పూజగది

కేదారనాథుడి డోలీ యాత్ర మీద మన ఛానెల్‌లో పెట్టిన వీడియో చూసే ఉంటారు. దీపావళి వెళ్ళాక, మనం భగినీ హస్త భోజనం చేసుకునే రోజున కేదార్‌నాథ్ తలుపులు మూస్తారు. స్వామివారి పంచముఖ ఉత్సవమూర్తి కిందికి, ఊఖీమఠ్‌లోని ఓంకారేశ్వర ఆలయానికి వచ్చేస్తుంది. చలికాలమంతా పూజలు అక్కడే. మళ్ళీ తలుపులు ఎప్పుడు తెరవాలో మహాశివరాత్రి నాడు నిర్ణయిస్తారు. ఏప్రిల్ చివర్లోనో, మేలోనో డోలీ గుప్తకాశీ, ఫాటా, గౌరీకుండ్ మీదుగా ఉత్తరానికి, కొండ మీదికి బయల్దేరుతుంది.

ఆ వీడియో ఎడిట్ చేస్తుంటే నాకు మా పెద్దమ్మ వాళ్ళ ఫ్లాట్ గుర్తొచ్చింది.

పెద్దమ్మ, పెద్దనాన్న టొరంటోలో అన్నయ్య దగ్గర ఉంటారు. అక్కడి చలి పెద్దనాన్న మోకాళ్ళకి పడదు. అందుకే నవంబరులో కూకట్‌పల్లి వచ్చి, ఉగాది చేసుకుని తిరిగి వెళ్తారు. ఇల్లు మూసేటప్పుడు సాయం నాది. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, బూజు పట్టకుండా తలుపు కాస్త తెరిచి ఉంచాలి. గ్యాస్ రెగ్యులేటర్ తీసెయ్యాలి. మిగిలిన బియ్యం, పప్పులు వాచ్‌మన్ వాళ్ళింటికి. మంచాల మీద పాత దుప్పట్లు.

ఈసారి అన్నీ అయ్యాక పెద్దమ్మ పూజగది ముందు ఆగిపోయింది. "ఇన్నాళ్ళూ రోజూ దీపం పెట్టి, ఇప్పుడు స్వామిని చీకట్లో ఉంచి తాళం వేస్తున్నాం. తప్పు కాదూ?" అంది.

నేను వెంటనే, "దేవుడు అంతటా ఉంటాడు కదా పెద్దమ్మా. ఈ పటాల మీద మమకారం తగ్గించుకోవాలి" అన్నాను.

ఆవిడ బాల్కనీ వైపు చూసి, "దేవుడు ఎక్కడైనా ఉంటాడు, సరే. తులసి మాత్రం ఇక్కడే ఉంటుంది కదరా" అంది.

నా దగ్గర జవాబు లేదు. కిందటి వేసవిలో తాళంచెవి నా దగ్గరే ఉంది. వారానికి రెండుసార్లు వెళ్ళి నీళ్ళు పోస్తానని మాటిచ్చింది నేనే. ఆఫీసు నుంచి ఇరవై నిమిషాలు. రిలీజ్ ఉంది, ట్రాఫిక్ ఉంది అనుకుంటూ ఏప్రిల్, మే గడిపేశాను. వెళ్ళేసరికి పుల్లలు మిగిలాయి. నవంబరులో ఆవిడ వచ్చి చూసి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కొత్త మొక్క తెచ్చి నాటుకుంది.

అప్పుడు కూడా నాకు నేను చెప్పుకున్నది అదే: వస్తువుల మీద మమకారం ఉండకూడదు అని. కానీ నాది వైరాగ్యం కాదండీ, బద్ధకం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే మోసపోతాం. వైరాగ్యం ఉన్నవాడు "ఇది నాది" అనుకోవడం మానేస్తాడు. నేను "ఇది నా పని" అనుకోవడం మానేశాను. గీత 18వ అధ్యాయం ఈ తేడానే చెబుతుంది. చేయాల్సిన పనిని మోహంతో వదిలేస్తే అది తామస త్యాగం. పని చేస్తూనే ఆసక్తినీ ఫలాన్నీ వదిలితే సాత్త్విక త్యాగం.

బదరీనాథ్‌లో తలుపులు మూసే ముందు, మానా గ్రామ మహిళలు నేసిన కంబళిని నేతితో తడిపి స్వామికి కప్పుతారు. అఖండజ్యోతి వెలిగిస్తారు. ఊఖీమఠ్‌లో డోలీ పైకి వెళ్ళిపోయాక కూడా ఓంకారేశ్వరుడికి పూజ జరుగుతూనే ఉంటుంది. కాబట్టి వెళ్ళిపోవడం తప్పు కాదని నాకనిపిస్తుంది. వెళ్ళేవాళ్ళు ఎంత శ్రద్ధగా మూశారు, ఉన్నవాళ్ళు అప్పగించినదాన్ని ఎలా చూసుకున్నారు అన్నదే అసలు ప్రశ్న. పెద్దమ్మ తన వంతు చేసింది. తప్పింది నేను.

(మన ఇళ్ళలో మాత్రం దీపం వెలుగుతుండగా తాళం వేయకండి. పాత పూలు తీసి, నూనె మరకలు తుడిచి, దణ్ణం పెట్టుకుని బయల్దేరండి. ఇంట్లో సాలగ్రామం ఉంటే ఏం చేయాలో పెద్దల్ని అడగండి.)

ఇప్పుడు శనివారం సాయంత్రాలు ఆ ఫ్లాట్‌కి వెళ్తున్నాను. కిటికీలు తీసి, దీపం పెట్టి, అది కొండెక్కేదాకా అక్కడే కూర్చుంటాను. తులసి కుండీని మాత్రం మా ఇంటికే తెచ్చేశాను, నా మీద నాకు అంత నమ్మకం లేక! వీడియో కాల్‌లో పెద్దమ్మ ముందు దాన్నే చూపించమంటుంది.

మీ దగ్గర కూడా ఎవరిదైనా తాళంచెవి ఉందా? ఈ వారం ఒకసారి వెళ్ళి రండి.

హర హర మహాదేవ!