సహనం పేరుతో మోపే భారం

రోగిని పరామర్శించడం సాటి ముస్లిమ్‌కు మనపై ఉన్న హక్కుల్లో ఒకటి. ఈ సంగతి మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. కాని ఆ రోగి మంచం పక్కన రాత్రంతా మేలుకొని ఉండే నర్సుకు, జూనియర్ డాక్టరుకు మనపై ఏ హక్కూ లేదా?

24 గంటలు, 36 గంటలు ఏకబిగిన డ్యూటీ చేసే జూనియర్ డాక్టర్లు మన పెద్దాసుపత్రుల్లో అరుదేమీ కాదు. ఇలాంటి శ్రమ ఏళ్ళ తరబడి సాగితే మనిషి లోలోపల అరిగిపోతాడు. దీన్నే ‘బర్నవుట్’ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు లక్షణాలు చెప్పింది: శక్తి ఉడిగిపోవడం, చేసే పనిపై విరక్తి కలగడం, పనిలో సామర్థ్యం తగ్గడం. ఆ సంస్థ దీన్ని జబ్బుగా లెక్కించలేదు. పనిచేసే చోట చాలాకాలం పట్టించుకోకుండా వదిలేసిన ఒత్తిడి ఫలితమని చెప్పింది. కాబట్టి లోపాన్ని ఆ మనిషిలోనే వెతికితే సరిపోదు, అతని చేత పని చేయిస్తున్న తీరును కూడా చూడాలి.

మరి అలసిపోయానని చెప్పుకున్న బిడ్డకు మనం ఏమంటున్నాం? “సబర్ చెయ్యి, ఇది సేవ, పుణ్యం దక్కుతుంది” అంటున్నాం. నిద్ర పట్టడం లేదని, మనసు మొద్దుబారిందని చెబితే ఈమాన్ బలహీనపడిందేమోనని అనుమానిస్తున్నాం. ఇది న్యాయమేనా?

సహనం గొప్ప గుణం, సందేహం లేదు. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవులను కాపాడటం వంటిదని దివ్యఖుర్ఆన్ (5:32) బోధిస్తోంది. అయితే హజ్రత్ అబూదర్దా (రజి) ఆరాధనలో మునిగి ఇంటినీ, ఒంటినీ మరచిపోయినప్పుడు హజ్రత్ సల్మాన్ (రజి) ఆయనను వారించారు. ప్రభువుకు, మన ప్రాణానికి, ఇంటివారికి ఎవరి హక్కు వారికి ఇవ్వాలని గుర్తుచేశారు. దైవప్రవక్త (సల్లం) ఆ మాటను సమర్థించారు. ఆరాధనకే హద్దు ఉన్నప్పుడు ఉద్యోగానికి ఉండదా?

సేవకులపై శక్తికి మించిన పని మోపవద్దని, మోపితే అందులో వారికి తోడ్పడాలని కూడా ఆయన (సల్లం) ఆదేశించారు. ఈ ఆదేశం పని చేయించుకునే వారికి. సహనం భారం మోసేవారికి ఊరటనిస్తుంది. దాన్ని చూపి భారం పెంచే అధికారం ఎవరికీ లేదు.

“డాక్టరు వెళ్ళి నిద్రపోతే రోగి గతేమిటి?” అని కొందరు అడగవచ్చు. ఇది సరైన ప్రశ్నే. వైద్యాన్ని ఇమామ్ గజాలీ (రహ్మ) ఫర్జె కిఫాయాగా, అంటే సమాజమంతటిపై ఉన్న విధిగా పేర్కొన్నారు. అందరి విధిని ఒక్కరి భుజాలపై వదిలేస్తే మిగతా వారంతా జవాబుదారులే. పైగా నిద్రలేని చేతుల్లో రోగికి మాత్రం క్షేమం ఎక్కడిది? రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ సాధారణంగా రోజుకు 12 గంటలు మించరాదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించవద్దని సిఫారసు చేసింది. ఖాళీలు నింపకుండా, షిఫ్టులు సరిచేయకుండా ఉంటే ఇవి కాగితాలపైనే మిగిలిపోతాయి. ఆసుపత్రులు నడిపేవారు, వారిలో మన సోదరులు కూడా, దీనికి అల్లాహ్ ముందు సమాధానం చెప్పుకోవాలి.

మన చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. ఆసుపత్రిలో ఆలస్యమైతే నర్సుపై గొంతు పెంచకుండా ఉందాం. నైట్ డ్యూటీ చేసి వచ్చిన కోడలికి వంటింటి పని అప్పగించకుండా నిద్రపోనిద్దాం. మనసు కుంగినవారు చికిత్సకు వెళితే దాన్ని నామోషీగా భావించవద్దు. వైద్యం చేయించుకోవడం సున్నతే. ప్రభుత్వ టెలీమానస్ ఉచిత నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇతరుల బాధను తీర్చేవారి బాధను గుర్తించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.