పిలవని పేరంటాళ్లు

పిలవని పేరంటానికి వెళ్లకూడదంటారు పెద్దవాళ్లు. మనుషులకైతే సరే, పాటలకు ఈ నీతి ఎవరు చెబుతారు? వంటింట్లో పోపు వేస్తూంటే ఎప్పటిదో ఒక సబ్బు పాట చప్పున నాలుక మీదికి వస్తుంది. దాన్ని మనం నేర్చుకోలేదు, నేర్పమని ఎవర్నీ అడగలేదు. అయినా వచ్చి కూర్చుంది. బొట్టు పెట్టి పిలవకపోయినా వచ్చి, తాంబూలం ఇచ్చినా లేవని పేరంటాలు! మన అనుమతి లేకుండా మన జ్ఞాపకంలో చోటు సంపాదించడం న్యాయమేనా అని నాకు చాలాకాలంగా సందేహం.

అసలు ఈ పేరంటాళ్ల పుట్టిల్లు ఎక్కడో చూద్దాం. 1952లో కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ గారు సినిమా పాటల మీద కత్తి కట్టడంతో ఆకాశవాణిలో అవి కరువయ్యాయి. జనం రేడియో ముల్లును సిలోను వైపు తిప్పేశారు. జనం ఉన్నచోటికి వర్తకులు వెళ్లకుండా ఉంటారా? సిలోను రేడియోలో ప్రకటనలకు అడ్డులేదు మరి. కార్యక్రమాలు మాత్రం తయారయ్యేది బొంబాయిలో. రేడియో అడ్వర్టైజింగ్ సర్వీసెస్ లాంటి సంస్థలు టేపుల మీద రికార్డు చేసి కొలంబోకి విమానంలో పంపేవి. అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా ఆ ఏడు డిసెంబరులో అలా మొదలైందే. తరవాత ఆకాశవాణీ మెత్తబడింది. 1967 నవంబరు 1 నుంచి బొంబాయి, పూనా, నాగపూర్‌ల వివిధ భారతిలో ప్రకటనలు మొదలయ్యాయి.

ఈ బుల్లి పాటలు కట్టినవాళ్లు సామాన్యులు కారు. వన్‌రాజ్ భాటియా లండన్‌లోనూ పారిస్‌లోనూ సంగీతం చదివి వచ్చి 7,000కు పైగా జింగిల్స్ కట్టారు. ఆయనే తరవాత 'తమస్' సంగీతానికి జాతీయ బహుమతి అందుకున్నారు. మద్రాసులో ఎ.ఆర్. రెహమాన్ 1992లో 'రోజా' రాకముందే 300కు పైగా చేశారు. ముప్ఫై సెకన్లలో రాగమూ, మాటా, సరుకు పేరూ ఇమడాలి. హిందీ వరసలో తెలుగు మాటలు కూర్చడం మరో విద్య. హిందీ మాట హల్లు మీద ఠక్కున ఆగుతుంది, మనది అచ్చు మీద సాగుతుంది. ఆ సాగినదాన్ని ఎక్కడ మడిచి పెట్టాలి చెప్పండి!

మా విశాఖపట్నానికి ఆకాశవాణి కేంద్రం 1963 ఆగస్టు 4న వచ్చింది. నాన్నగారు పోర్టు ఉద్యోగం నుంచి తిరిగొచ్చేదాకా రేడియో అమ్మది. అమ్మ శుక్రవారం శుక్రవారం ఒక మంగళహారతి పాడేది. ఏ పుస్తకంలోనూ లేదది, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నది. ఇప్పుడు చూసుకుంటే పల్లవీ మొదటి చరణమూ వస్తున్నాయి నాకు, రెండోది సగంలో తెగిపోతోంది. సబ్బు పాట మాత్రం ఆ చివర్నుంచి ఈ చివరిదాకా అక్షరం పొల్లుపోకుండా ఉంది. నా మనసులో ఆ చోటు ఎవరిది? ఎవరు ఆక్రమించారు?

గాజువాకలో ఉండే మా వదిన ఈ మాట కొట్టిపారేసింది. "అదేటి వదినా, కూలికి పాడితే పాట కాకుండా పోద్దా? వాడి సబ్బు వాడు అమ్ముకున్నాడు, నీకు ఊరికే ఓ పాట మిగిలింది. అయినా, మీ అమ్మ మాత్రం నిన్నడిగి పాడిందేటి?"

నిజమే! అమ్మ నన్ను అడగలేదు. జోలపాటకూ అనుమతి లేదు, ఎక్కాలకూ లేదు. మన లోపల ఉన్నదంతా అడక్కుండా వచ్చిందే. అంటే నేను వేసుకున్న ప్రశ్నే తప్పుడు ప్రశ్నన్నమాట.

ఇంకో ఉదాహరణ చూడండి. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు'. నాలుగు మాటలు, చక్కటి ప్రాస, పసిపిల్లలకైనా ఒక్కసారికే నోటికొస్తుంది. విద్య ప్రకారం చూస్తే ఇదీ జింగిలే. కానీ దీన్ని ఏ స్టూడియోలోనూ రికార్డు చేయలేదు, ఏ కంపెనీ డబ్బివ్వలేదు. 1966లో వీధుల్లో మారుమోగింది. ఆ నవంబరు 1న మా ఊళ్లో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయంటారు. సరిగ్గా ఏడాది తరవాత అదే తేదీన వివిధ భారతిలో ప్రకటనలు మొదలయ్యాయి. రెండింటికీ సంబంధమేమీ లేదనుకోండి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో కర్మాగారం జాతికి అంకితమైంది. 2021లో దాన్ని ప్రైవేటు పరం చేస్తామనగానే ఆ నాలుగు మాటలే మళ్లీ లేచాయి.

తేడా ఇక్కడుందని నాకు తోస్తుంది. ఆ నినాదం అన్నవాళ్లు తెలిసి అన్నారు, దాని ఖరీదు తామే చెల్లించారు. అమ్మ హారతి అమ్మవారి కోసం పాడింది, మాకు ఊరికే దక్కింది. జింగిల్ మాత్రం మన పర్సు వైపు చూస్తూ పాడుతుంది. అయితే కోపం తెచ్చుకుని లాభం లేదు. జ్ఞాపకానికి మంచీ చెడ్డా తెలియదు, ఎన్నిసార్లు వచ్చారన్న లెక్కే తెలుసు. హారతి వారానికొకసారి, సబ్బు పాట రోజుకు పదిసార్లు. ఈ రహస్యం బొంబాయి స్టూడియోల వాళ్లకు తెలిసింది, సరుకుకు వాడుకున్నారు. ఇంట్లో ఉన్నవాళ్లం మనం దేనికి వాడుకున్నాం? పదేపదే మన నోట వచ్చే మాటేమిటి? 'ఆలస్యమైపోతోంది', 'ఖర్చైపోతోంది' - ఇవేగా పిల్లలు మన దగ్గర నేర్చుకునే జింగిల్స్!

మొన్న భీమిలిలో ఉన్న పిన్నికి ఫోను చేసి రెండో చరణం చెప్పించుకుని రాసుకున్నాను. మూడోది పిన్నికీ రాదట. ఉన్నంతవరకే ఇప్పుడు రోజూ దీపం పెట్టేటప్పుడు పాడుతున్నాను. నాలుగేళ్ల మనవరాలు బొమ్మలకు గౌన్లు తొడుగుతూ, అర్థం తెలియకుండానే పల్లవి అందుకుంటోంది.

దాని అనుమతి నేనూ అడగలేదు.